ఒకటి తీసెయ్యి

కొత్తవాడ సొసైటీల
నా మేజ సొరుగుల ఒక బట్ట టేపు ఉండేది.
మొదటి అంగుళం చినిగి, దారాలు దారాలై
ఒకటి కాన్నుంచే మొదలయ్యేది.
నాకంటె ముందు లెక్కలు రాసిన సారు
తాళంచెవులతోపాటు ఒక్క మాట అప్పజెప్పి పోయిండు:
"ఒకటి నుంచి కొలువు. ఆఖర్ల ఒకటి తీసెయ్యి."

కుడికాల ఓదెలుకు టేపుతోని పనిలేదు.
మోచెయ్యి నుంచి నడిమి వేలు కొస దాక మూర,
మూరల సగం జాన,
నాలుగు మూరలు ఒక బార.
బారంటె ఆరు ఫీట్లు, ఆరు ఫీట్లంటె ఒక షత్రంజి పొడుగు.
చౌరస్తా కాడ పూలమ్మే లచ్చుమమ్మ మూర
పండుగ పూట కురచయితది.
ఓదెలు మూర ఏ పూటైనా అంతే.

ఆయన చిటికెన వేలు కొసను
పడుచుతనంల మిల్లు పళ్లచక్రం తిన్నది.
అందుకే ఆయన జాన అర్ధంగుళం తక్కువ.
యాభై ఏండ్ల సంది
జాన పెట్టినప్పుడల్లా
ఆ అర్ధంగుళాన్ని మనసుల కలుపుకుంటడు.

ఆషాఢంల ఆర్డరొచ్చింది.
ఏదో హోటలు. నలభై షత్రంజీలు.
నూట ఎనభై మూడు, నూట ఇరవై రెండు.
సెంటీమీటర్లల్ల.
"గివేం అంకెలు బిడ్డా, ఫోన్ నంబరా?"

గుణించి చూసిన.
ఫీటుకు ముప్పై పాయింట్ నాలుగు ఎనిమిది,
ఆరు ఫీట్లకు
నూట ఎనభై రెండు పాయింట్ ఎనిమిది ఎనిమిది.
"మనం నేసేదే తాతా. జెర పెంచి రాసిన్రు."
"జెరంటె ఎంత?"
"పాయింట్ ఒకటి రెండు."
"అంటె?"
గోరు మందం చూపెట్టిన.
"నలభైటికి?"
మళ్ల గుణించిన. నాలుగు పాయింట్ ఎనిమిది.
రెండున్నర వేళ్ల వెడల్పు.
"గా రెండున్నర వేళ్లకు కూలి ఎవలిస్తరు?"
దానికి నా ఫోన్ల మీట లేదు.

ఇరవై ఎనిమిది ఓదెలు, ఆయన తమ్ముడు కలిసి నేసిన్రు.
మిగిలిన పన్నెండు కొత్తగ చేరిన పోరగాండ్లకిచ్చిన.
వాళ్ల పడుగుకు గుర్తులు నేనే పెట్టిన,
సొరుగుల టేపుతోని.
ఒకటి నుంచే కొలిచిన.
ఆఖరుకొచ్చేసరికి కరెంటు పోయిందో,
ఎవలన్న పిలిచిన్రో,
యాదికి లేదు.

పన్నెండూ వాపసొచ్చినయి.
ఒక్కొక్క దాని మూలకు పిన్నుగుచ్చిన చీటీ:
రెండున్నర తక్కువ.
"రెండున్నర ఏంది?" అన్నడు ఓదెలు.
సెంటీమీటర్లు, అన్న.
అంగుళాలల్ల అయితె ఒకటి.
పేక దారాలల్ల పద్నాలుగు వరుసలు.
పైసలల్ల పన్నెండు షత్రంజీల కూలి.
నా తప్పుల ఎంతయితదో
ఆ పద్దు ఎట్ల మార్చాల్నో ఎవలూ నేర్పలే.

ఓదెలు ఒక షత్రంజి పరిచి
దాని మీద ఎల్లెలకల పండుకున్నడు.
తల ఈ అంచుకు ఆనిచ్చిండు.
"కాళ్ల కాడ ఎంత మిగిలిందో కొలువు."
టేపు పదకొండు అన్నది.
ఒకటి తీసేసిన.
"పది."
"నాకే పది మిగిలింది,
ఆ హోటలాయనకు ఒకటి తక్కువైందా?
ఎంత పొడుగోళ్లు దిగుతరే ఆడ!"
పండుకున్న కాన్నుంచే నవ్విండు.
మగ్గాల మీది పోరగాండ్లు పంజాలు ఆపిన్రు.
నాకు మాత్రం నవ్వు రాలే. మెల్లగ వచ్చింది,
ఇంటికి పోయినంక, అన్నం ముంగట.

ఖిల్లా దిక్కున్న టెంటుహౌజు సాంబమూర్తి
పన్నెండింటినీ సగం ధరకు మూట కట్టుకపోయిండు,
కొలువకుంటనే.

మొదటి తారీఖు నాడు ఇనుప టేపు కొన్న.
ఒక అంచుకు అంగుళాలు, ఒక అంచుకు సెంటీమీటర్లు,
రెండూ సున్నా కాన్నుంచే.
పాతది పారేద్దామంటె ఓదెలు చెయ్యి చాపిండు.
"నా జాన అసుంటిదే గిది. ఉండనియ్యి."
మగ్గం గుంజకు చుట్టుకున్నడు.

ఇప్పుడు ఏదీ తీసేసే పనిలేదు.
అయినా ఆఖరు అంకె కాడ
నా బొటనవేలు
ఒక్క గడియ ఆగుతది.